పెట్టిన చోట లేని గ్లాసు

ఆ వీధి చివర మూతపడిన లాండ్రీ ఒకటుంది. అందులో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండదని చెప్పుకుంటారు.

తాళంచెవి బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగితే చాలట... కిటికీ గట్టు మీదికి చేరిపోయి ఉంటుంది. చెప్పులు గుమ్మం బయట విడిస్తే లోపల కనిపిస్తాయి — రెండూ పక్కపక్కనే, ఎవరో తీరిగ్గా సర్దినట్టు.

అక్కడ ఇరవయ్యేళ్లు ఇస్త్రీ చేసిన ఒకావిడ ఉండేది. ఆమెకి సర్దుడు పిచ్చి. దొంతరలోంచి ఎవరైనా ఒక చొక్కా లాగితే, మళ్లీ తన పద్ధతిలో పేర్చేదాకా మంచినీళ్లు ముట్టేది కాదు. ఒక సాయంత్రం ఆవిరి మిషను పేలింది. ఆమె పోయింది, లాండ్రీ మూతపడింది. సర్దడం మాత్రం ఆగలేదంటారు.

చీకటి పడ్డాక ఆ గోడ వారగా నడిచేవాళ్లకి లోపల్నుంచి ‘స్స్‌స్...’ మని వినిపించేదట. తడి బట్ట మీద కాలే ఇస్త్రీపెట్టె ఆనించినట్టు.

ఇదంతా చెప్పింది వీడియో స్టూడియోలో లైట్లు పట్టే మనిషి. బోడిగుండు కాబట్టి అందరూ అతన్ని బల్బు అంటారు. కంపోజిటరుకి జరిగింది ఇంటివాళ్లు కాక దగ్గరుండి చూసినవాడు అతనొక్కడే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుందంటాడు.

కంపోజిటరు అంటే ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు అదే పని చేశాడాయన. ప్రెస్సు పోయింది, తర్వాత భార్య పోయింది. మిగిలింది సొంత ఇల్లు, ఒక్కగానొక్క కూతురు. ఇంటి కింది భాగంలో అల్లుడు స్టూడియో పెట్టుకున్నాడు. పైన రెండు గదులు కూతురూ అల్లుడివి. వీధివైపు గది ఆయనది.

పైన గోడలన్నీ కొట్టేసి పెద్ద షూటింగ్ హాలు చేద్దామని కూతురికి కోరిక. నాన్న ఊరి బయట వృద్ధుల హాస్టల్‌కి వెళ్తే హాయిగా ఉంటుందని రెండేళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది.

“ఈ గదిలోంచి నన్ను మోసుకెళ్లాలే గాని నడిపించుకెళ్లలేవు తల్లీ,” అనేవాడాయన నవ్వుతూ.

ఊరికే కూర్చోలేక ఒకరోజు ఆయనే కిందికి దిగి అల్లుణ్ణి అడిగాడు. “నీ పని నాకు నేర్పు బాబూ.”

అల్లుడు నోటి దురుసు మనిషి. మనసులో ఉన్నది మొహాన కొట్టేస్తాడు. “ఈ వయసులోనా మావయ్యా? సరే, కూర్చో. ఏడిపిస్తాను మరి, తర్వాత నీ కూతురికి చెప్పుకోకూడదు.”

తెర మీద రెండు షాట్లు వేసి చూపించాడు. ఒకదాంట్లో ఒకాయన గ్లాసు ఎత్తుతున్నాడు. రెండోదాంట్లో గ్లాసు బల్ల మీదే ఉంది.

“ఏమైంది?”

“గంతేసింది.”

“అదీ! చూసేవాడికి ఆ గంతు తెలియకూడదు. చెయ్యి లేస్తుండగా కోస్తావు. తర్వాతి షాట్లో అదే చెయ్యి, అదే ఎత్తులో ఉండాలి. గ్లాసులో నీళ్లు కూడా అంతే ఉండాలి. కోటుకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో అన్నే ఉండాలి. మనిషి ఎటు చూస్తే, వాడు చూసింది ఆ తర్వాతి షాట్లో అటే ఉండాలి. వేరువేరు రోజుల్లో తీసిన ముక్కలైనా సరే, ఒక్క క్షణంలో జరిగినట్టు నమ్మించాలి. అతుకు కనపడకుండా అబద్ధాన్ని కుట్టడమే ఈ పని.”

“అక్షరాన్ని తిరగేసి చదివే కన్ను బాబూ ఇది. అతుకు దాస్తుంది,” అన్నాడు కంపోజిటరు.

“మాటలు తర్వాత. తొమ్మిది షాట్లు తీసుకురా. ఒక మనిషి గదిలోకొస్తాడు, కోటు తగిలిస్తాడు, కూర్చుంటాడు, నీళ్లు తాగుతాడు, పక్కకి చూస్తాడు. అంతే. ఒక్క గంతు కనపడినా మళ్లీ మొదట్నుంచి.”

“ఎక్కడ తియ్యను?”

కౌంటర్లోంచి కూతురు తలెత్తింది. “లాండ్రీలో తియ్యి నాన్నా. ఎవరూ అడ్డురారు. ఓనరు ఇచ్చిపోయిన తాళాలు మన గోడకే ఉన్నాయిగా.”

బల్బు చేతిలో వైరు జారిపోయింది. అల్లుడు మాత్రం తలూపాడు. “మంచిదే. చీకటి పడ్డాక తియ్యి మావయ్యా. పగలైతే కిటికీలో ఎండ జరుగుతుంటుంది, షాటుకీ షాటుకీ పొంతన కుదిరి చావదు. రాత్రయితే ఒకే దీపం, ఒకే నీడ.”

పాత కెమెరా ఒకటిచ్చారు. దాని బ్యాటరీ అరగంట కంటే నిలవదు. సగం షాట్లు తీసి, వీధి ఈ చివరికి నడిచి, స్టూడియోలో చార్జింగులో ఉన్న రెండోది తెచ్చుకోవాలి. నటించేది ఆయనే, తీసేదీ ఆయనే. స్టాండు మీద కెమెరా నిలబెట్టి, బటన్ నొక్కి, వెళ్లి కూర్చోవడమే.

మొదటి రాత్రి భయం వెయ్యలేదు. గది నిండా పాత సబ్బు వాసన... మూల తుప్పు పట్టిన ఇస్త్రీ బల్ల... అంతే. గ్లాసుని బల్లకి కుడివైపున, అంచుకి వేలెడు దూరంలో పెట్టాడు. నాలుగు షాట్లు తీశాడు, బ్యాటరీ తెచ్చుకున్నాడు, మిగతా అయిదూ తీశాడు.

మర్నాడు అందరి ముందూ తెర మీద వేస్తే —

నాలుగో షాట్లో గ్లాసు కుడివైపుంది. అయిదో షాట్లో ఎడమవైపుంది.

“గ్లాసుకి కాళ్లొచ్చాయి మావయ్యా!” అని అల్లుడు పగలబడి నవ్వాడు. బల్బు నవ్వలేదు. కూతురు కూడా నవ్వలేదు. తెర వంకే చూస్తూ ఉండిపోయింది.

“నేను కుడివైపే పెట్టాను,” అన్నాడాయన.

“పోనీలే నాన్నా,” అంది కూతురు మెల్లగా. “వయసు.”

రెండో రాత్రి ఒళ్లు దగ్గర పెట్టుకుని తీశాడు. గ్లాసు, కుర్చీ, కోటు... ఒక్కొక్కటీ చూసుకుని, గట్టిగా పైకి చెప్పుకుని, తలుపు దగ్గరికి వేసి బ్యాటరీ కోసం వెళ్లాడు.

తిరిగొచ్చి తలుపు తోశాడు.

కుర్చీ గోడవైపు తిరిగి ఉంది.

గ్లాసు ఖాళీగా, బోర్లించి ఉంది.

కోటు... ఆయన తగిలించిన మేకుకి లేదు. అవతలి మేకుకి ఉంది. గుండీలన్నీ పెట్టి, చేతులు రెండూ వెనక్కి మడిచి — లాండ్రీలో చొక్కా మడిచినట్టు.

దీపం వెలుగు కాస్త ఊగింది.

“ఎవరమ్మా...?” అన్నాడు గుసగుసగా.

బయట గాలికి రేకు కిర్రుమంది. అంతే — కెమెరా చంకన పెట్టుకుని, తలుపు కూడా వెయ్యకుండా, ఒగుర్చుకుంటూ స్టూడియోకి వచ్చి పడ్డాడు.

“దెయ్యమా?” అన్నాడు అల్లుడు. “మావయ్యా, తియ్యడం రాకపోతే రాలేదని చెప్పు. మధ్యలో ఆ చచ్చినావిడని లాగుతావెందుకు?”

కూతురు చల్లగా తండ్రి భుజం నిమిరింది. నీళ్లిచ్చింది. పైకి తీసుకెళ్లి పడుకోబెట్టి, దుప్పటి కప్పుతూ అంది — “నాన్నా, నిన్న బీపీ మాత్ర రెండుసార్లు వేసుకున్నావు, తెలుసా? మొన్న గ్యాసు కట్టెయ్యలేదు. నీకు చెప్తే బాధపడతావని ఊరుకున్నాను.”

ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాత్ర ఒక్కటే వేసుకున్నట్టు గుర్తు. కానీ గ్లాసు కుడివైపు పెట్టినట్టూ గుర్తే కదా... మర్చిపోయానంటే మతి పోయిందంటారు. దెయ్యమంటే పిచ్చెక్కిందంటారు. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యిలా అయింది ఆయన పని.

మూడో రాత్రి జేబులో సుద్దముక్క వేసుకెళ్లాడు. గ్లాసు చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. కుర్చీ నాలుగు కాళ్ల చుట్టూ గీశాడు. ఇక ఏదైనా ఇసుమంత కదిలినా గీత పట్టిస్తుంది.

బ్యాటరీ తెచ్చుకుని, గుండె చిక్కబట్టుకుని తలుపు తీశాడు. గ్లాసు గీతలోనే ఉంది. కుర్చీ గీతల్లోనే ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. మిగతా అయిదు షాట్లూ తీశాడు.

మర్నాడు తెర మీద వేశారు.

నాలుగో షాట్లో గ్లాసు కుడివైపు, చుట్టూ సుద్ద గీత.

అయిదో షాట్లో గ్లాసు ఎడమవైపు... చుట్టూ సుద్ద గీత.

కుడివైపు గీత జాడే లేదు.

ఈసారి అల్లుడు నవ్వలేదు. రెండు షాట్లూ ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పాడు. బల్బు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కంపోజిటరు తన వేళ్లకంటిన సుద్దపొడి వంక చూసుకున్నాడు.

“గీత గీసింది నువ్వే కదా నాన్నా,” అంది కూతురు. “చెరిపిందీ నువ్వేనేమో. మళ్లీ గీసి మర్చిపోయావేమో...” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఏమండీ, ఇంకెన్నాళ్లు చూస్తూ ఊరుకుంటాం? సోమవారం జ్ఞాపకశక్తి డాక్టర్ దగ్గర టైము తీసుకున్నాను.”

ఆ కాగితమొకటి వస్తే ఏమవుతుందో కంపోజిటరుకి తెలుసు. మతి నిలకడ లేదని డాక్టర్ రాసిస్తే ఆయన సంతకం చెల్లదు, కూతురి సంతకం చెల్లుతుంది. హాస్టల్‌కీ, గోడలు కొట్టడానికీ ఆయన్ని అడగక్కర్లేదు. అయినా ఆయన కూతురి మీద అనుమానపడలేదు. అనుమానమంతా అల్లుడి మీదే. ఆ నవ్వు మీద.

నాలుగో రాత్రి ఎవరికీ చెప్పకుండా తన సెల్‌ఫోను కూడా పట్టుకెళ్లాడు. నిన్నటిలాగే సుద్ద గీతలు గీసి, అటక మీద పాత సబ్బు పెట్టెల మధ్య ఫోన్ని నిలబెట్టి, రికార్డింగు నొక్కి, బ్యాటరీ కోసం బయల్దేరాడు. వెళ్తున్నంతసేపూ లోపల ఇస్త్రీ ఆవిడే ఉండాలని కోరుకున్నాడట. చచ్చినావిడైతే మనల్ని ఎరగదు కదా.

ఇంటికొచ్చి, గది తలుపు గడియ పెట్టుకుని, దుప్పటి ముసుగులో ఆ ఫోను చూశాడు. చివరిదాకా చూశాడు. మళ్లీ మొదట్నుంచి చూశాడు.

తెల్లారి కిందికొచ్చిన ఆయన మొహం చూసి బల్బు హడలిపోయాడు. రాత్రికి రాత్రి పదేళ్లు పైబడినట్టున్నాడు.

“చూపు కలపడం ఎలాగో ఇంకోసారి చెప్పవయ్యా,” అన్నాడు అల్లుడితో. “మనిషి ఎటు చూస్తే చూసింది అటే ఉండాలన్నావే, అది.”

ఆ సాయంత్రం బల్బుని వెంటబెట్టుకుని లాండ్రీకి వెళ్లాడు. కుర్చీలో కూర్చుని ఒక్క షాటే తీయించుకున్నాడు. తల తిప్పకుండా, కళ్లు మాత్రం కుడివైపుకి తిప్పి... నెమ్మదిగా, దేన్నో చూస్తున్నట్టు. ఇరవైసార్లు తీయించాడు. “ఇంకా కిందికి చూడాలి. ఆ చెయ్యి ఉన్న ఎత్తుకి,” అంటాడు. ఏ చెయ్యో బల్బుకి అర్థం కాలేదు.

శనివారం స్టూడియో షట్టరు దించి అందర్నీ కూర్చోబెట్టాడు. అల్లుడు, కూతురు, బల్బు. దీపాలార్పి, తను వెనకాల నిలబడ్డాడు.

తెర మీద కంపోజిటరు గదిలోకొచ్చాడు. కోటు తగిలించాడు — మేకు మీద చెయ్యి పడగానే దగ్గరి షాటుకి మారింది. అతుకే తెలియలేదు. కూర్చున్నాడు. గ్లాసెత్తాడు. చెయ్యి లేస్తుండగా ఒక షాటు, పెదవికి తగులుతుండగా ఇంకో షాటు. నీటి మట్టం దగ్గర్నుంచి నీడ దాకా అన్నీ కలిశాయి.

“శభాష్ మావయ్యా!” అన్నాడు అల్లుడు. “ఒక్క గంతు లేదు. ఒట్టు.”

తెర మీద కంపోజిటరు గ్లాసు కింద పెట్టాడు. కళ్లు పక్కకి తిప్పాడు.

తర్వాతి షాట్లో... ఆయన చూస్తున్నవైపే...

వెనక తలుపు సందులోంచి కూతురు లోపలికొచ్చింది.

చెప్పులు చేతిలో పట్టుకుని, మునివేళ్ల మీద. గ్లాసు తీసింది. తడిగుడ్డతో సుద్దగీత తుడిచింది. గ్లాసు ఎడమవైపు పెట్టి, వంగి, దాని చుట్టూ కొత్త గీత గీసింది. శ్రద్ధగా, నాలుక కొస పళ్ల మధ్య బిగబట్టి — చిన్నప్పుడు తండ్రి ఒళ్లో కూర్చుని అక్షరాలు దిద్దినట్టే.

మళ్లీ కంపోజిటరు మొహం. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

మళ్లీ కూతురు. గీత గుండ్రంగా వచ్చిందో లేదోనని తల వాల్చి చూసుకుంది. నవ్వుకుంది.

మళ్లీ ఆయన మొహం. మూరెడు దూరంలో కూర్చుని ఆమెనే చూస్తున్నట్టు...

“అబద్ధం!” కుర్చీ దబ్బున వెనక్కి పడింది. కూతురు లేచి నిలబడింది. “అప్పుడు నువ్వు గదిలో లేవు! బ్యాటరీ కోసం వెళ్లావు! నువ్వు బయటికెళ్లడం చూసే నేను లోపలి—”

ఆగిపోయింది.

తెర నల్లబడింది.

“అవును తల్లీ,” అన్నాడు కంపోజిటరు వెనకనుంచి. “నేను లేను. నా షాటు తర్వాత తీసి కలిపాను. చూపు కలిసిందా?”

అల్లుడు లైటు వేశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎందుకే?” అన్నాడు పెళ్లాంతో.

ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. “ఎందుకా? ఈ ఇరుకులో ఎన్నేళ్లు కుక్కుకుని బతకాలి? ముసలాయనకి ఎక్కడైతే ఏంటి, ఒక మంచం చాలు. అడిగితే నవ్వుతాడు. రెండేళ్లు అడిగాను!”

“మాత్రలు? గ్యాసు?” అన్నాడు తండ్రి.

ఆమె నేల చూపులు చూసింది.

“నాలుగు రాత్రులూ నువ్వేనా?” అన్నాడు అల్లుడు.

“మూడు,” అంది. “మొదటి రాత్రి నేను వెళ్లలేదు.”

“అబద్ధాలు చాలించు.”

“నిజం! అమ్మ మీద ఒట్టు, మొదటి రోజు గ్లాసు నేను ముట్టుకోలేదు. తెర మీద అది జరగడం చూశాకే... నాకు ఈ ఆలోచన వచ్చింది.”

బల్బు మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కంపోజిటరు ఆ మొదటి రాత్రిని గుర్తు చేసుకున్నాడు. కుడివైపున, అంచుకి వేలెడు దూరంలో... ఆ గాజు చల్లదనం కూడా ఇంకా వేళ్లకి గుర్తుంది. అలాంటప్పుడు ఎవరు జరిపారు? లోపలున్న ఆవిడా? లేక... తనేనా?

కూతురి వైపు తిరిగి అన్నాడు. “సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్దాం.”

“ఇంకెందుకు నాన్నా?”

“మొదటి రోజు సంగతి నాకు తేలాలి.”

ఆదివారమంతా ఆమె కాళ్లా వేళ్లా పడింది. బుద్ధి గడ్డి తిందంది. రాత్రి ఆయన గది గుమ్మం బయటే చాప వేసుకుని పడుకుంది. లోపల్నుంచి ఆ ఏడుపు వింటూ తండ్రి కరిగిపోయాడు. ఎంతైనా చేతుల మీద పెంచిన పిల్ల. సోమవారం పొద్దున ఆస్పత్రి మెట్ల దగ్గర ఆమె చెయ్యి చాపితే, ఆ చెయ్యి పట్టుకునే ఎక్కాడు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఏ వారం, ఏ నెల అని అడిగింది. చెప్పాడు. వందలోంచి ఏడేడు చొప్పున తీసెయ్యమంది. తడుముకోకుండా తీసేశాడు. గొడుగు, తలుపు, నిమ్మకాయ అని మూడు మాటలు చెప్పి, పావుగంట తర్వాత అడిగింది. అదే వరసలో అప్పజెప్పాడు.

“నా దగ్గర పనిచేసే కుర్రడాక్టర్లకి కూడా ఇన్ని మార్కులు రావు పెద్దాయనా,” అని నవ్విందామె. కాగితం మడవబోతూ, అలవాటు కొద్దీ అడిగింది — “ఇంతకీ పక్కనున్న ఈవిడ ఎవరు?”

కంపోజిటరు కూతురి వంక చూశాడు. తన చేతిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. ఎందుకనిపించిందో ఏమో మరి...

“తెలీదమ్మా,” అన్నాడు.

అనేసి, ఎదురుచూశాడు. ‘ఇంకా కోపం పోలేదా నాన్నా’ అంటుందేమోనని. భోరుమంటుందేమోనని. కనీసం మాట పెగలక ఊరుకుంటుందేమోనని.

ఆమె అరక్షణం ఆగలేదు.

“చూశారా డాక్టర్?” అంది. “నన్ను కూడా గుర్తుపట్టడం లేదు.”

ఆయన చేతిని పట్టుకున్న వేళ్లు వణకలేదు. పట్టు సడలలేదు. గొంతు నిండా దిగులు, అచ్చం నిజం దిగులులాగే.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. కాగితం మళ్లీ విప్పి, పెన్ను తీసింది. పెన్ను కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు కాసేపు విన్నాడు కంపోజిటరు.

“రాయకండమ్మా,” అన్నాడు. “ఈమె నా కూతురు. శుక్రవారం తెల్లవారుజామున నాలుగూ పదికి పుట్టింది. ఆ రాత్రి ప్రెస్సులో డ్యూటీలో ఉన్నాను, సిరా చేతులతోనే ఎత్తుకున్నాను. ఎడమ మోకాలి మీద సైకిలు చైను తెగి గుచ్చుకున్న మచ్చ ఉంది. కుట్లు వేస్తుంటే ఏడవలేదు, నా గడియారం లాక్కుని ఆడుకుంది.”

పెన్ను ఆగింది. డాక్టరమ్మ ఆయన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూసింది.

“మరి ఇందాక తెలీదన్నారే?”

“అప్పటికి నిజంగానే తెలీదమ్మా,” అన్నాడు. తన చేతి మీదున్న వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసి, ఆమె ఒళ్లోనే పెట్టి, లేచి నిలబడ్డాడు.